నడిదారిలో గుర్రం మార్చారు

పిల్లలూ, ఈ నెల మనం మంగోలియాకు వెడదాం.

ఆ దేశంలో పూర్వం అంచె గుర్రాలుండేవి. చెంగిజ్ ఖాన్ కొడుకు ఒగొదాయ్ ఖాన్, 1230ల్లో, తన సామ్రాజ్యమంతటా దారి పొడుగునా మజిలీలు ఏర్పాటు చేయించాడు. రాజుగారి వార్త పట్టుకుని ఒక రౌతు దౌడు తీస్తూ వస్తాడు. మజిలీ చేరేసరికి గుర్రం నురగలు కక్కుతుంటుంది. అక్కడ మరో గుర్రం జీను వేసి సిద్ధంగా ఉంటుంది. అలిసిన దాన్ని వదిలి తాజా గుర్రం ఎక్కి, ఆ మనిషే మళ్ళీ దౌడు తీస్తాడు. ఇటలీ నుంచి వచ్చిన మార్కో పోలో అనే బాటసారి ఈ ఏర్పాటు చూసి ఆశ్చర్యపోయి, ఆ సంగతి తన యాత్రా కథలో చెప్పాడు.

సరిగ్గా ఆ దేశంలోనే, 2004లో, ఒక పరదేశి నడిదారిలో తన గుర్రాన్ని మార్చవలసి వచ్చింది. అయితే అతని గుర్రం ఇనుముది. దానికి గడ్డి బదులు పెట్రోలు పొయ్యాలి.

ఆ కథ ఇది. ఈవన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లండు నటుడు ఉన్నాడు. మీలో "స్టార్ వార్స్" సినిమాలు చూసినవాళ్ళు ఆయన్ని ఎరుగుదురు. ఆయన స్నేహితుడు చార్లీ బూర్మన్. ఇద్దరికీ మోటారు సైకిళ్ళంటే ప్రాణం. లండనులో బయలుదేరి, తూర్పు ముఖంగా పోయి పోయి, న్యూయార్కు చేరాలని ఇద్దరికీ బుద్ధి పుట్టింది. లండను నుంచి న్యూయార్కు వెళ్ళేవాళ్ళు ఎవరైనా పడమటికి విమానమెక్కుతారు. వీళ్ళు భూగోళాన్ని అవతలి వైపు నుంచి చుట్టి రావాలనుకున్నారు! దారిలో జరిగేదంతా ఫిల్ము తీయడానికి క్లాడియో ఫన్ ప్లాంటా అనే స్విట్జర్లండు దేశస్థుణ్ణి తోడు తీసుకున్నారు. క్లాడియో కెమెరా పట్టడంలో గట్టివాడు. బండి నడపడంలో మాత్రం మిగిలిన ఇద్దరికన్నా అనుభవం తక్కువ. ఈ కథలో గుర్రం మార్చినది ఆయనే. సామానుతో, సహాయకులతో వేరే మోటారు వాహనాలు కూడా బయలుదేరాయి గాని, అవి ఎప్పుడూ పక్కనే ఉండేవి కావు. సరిహద్దుల దగ్గర కలుసుకునేవారు.

2004 ఏప్రిల్ 14న లండను వదిలారు. ఫ్రాన్సు, బెల్జియం, జర్మనీ, చెక్ దేశం, స్లొవేకియా, ఉక్రెయిన్, రష్యా, కజకిస్తాన్ దాటారు. అట్లాసు తెరిచి ఈ పేర్ల మీద వేలు పెట్టి చూడండి, వేలు ఎంత దూరం పోతుందో. అంత దూరం వాళ్ళు ఆ బండ్ల మీద కూచునే వచ్చారు.

ఇంతకీ ఏం బండ్లు అవి? జర్మనీలో తయారైన బి.ఎం.డబ్ల్యు. ఆర్ 1150 జి.ఎస్. అడ్వెంచర్ బండ్లు. మన ఊళ్ళలో నాన్నలు ఎక్కే మామూలు బండి ఇంజను 100, 125 సి.సి. ఉంటుంది కదూ? ఈ బండి ఇంజను 1,130 సి.సి.! దానికి రెండు సిలిండర్లు, ఒకటి కుడి పక్కకూ ఒకటి ఎడమ పక్కకూ ఏనుగు చెవుల్లాగా పొడుచుకు వచ్చి ఉంటాయి. పెట్రోలు టాంకులో 30 లీటర్లు పడుతుంది. చైను ఉండదు, ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించేది ఒక ఉక్కు ఇరుసు. పెట్రోలు నింపితే బండి రమారమి 250 కిలోలు తూగుతుంది. బజారులో 25 కిలోల బియ్యం బస్తాలు మీరు చూసే ఉంటారు. పది బస్తాలన్నమాట! ఆ పైన పెట్టెలూ, గుడారాలూ, వంట సామానూ, కెమెరాలూ, మనిషీ.

తారు రోడ్డు మీద ఈ బరువు ఒక భాగ్యమే. ఎదురుగాలి కొట్టినా బండి చెదరదు. రోజుకు కొన్ని వందల కిలోమీటర్లు పోయినా నడిపేవాడికి నడుం నొప్పి తెలియదు. కజకిస్తాన్‌లో సగం దూరం దాకా ఎవరైనా "ఇంతకన్నా మంచి బండి ఉందా?" అనే అని ఉంటారు.

తరవాత మంగోలియా వచ్చింది.

మంగోలియా ఎంత దేశమో చెబుతాను వినండి. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా, అలాటివి అయిదు అందులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. జనం మాత్రం ఈనాటికీ సుమారు 35 లక్షలే. మన రెండు రాష్ట్రాల్లో 2011 లెక్కల నాటికే ఎనిమిది కోట్ల పైచిలుకు జనం ఉన్నారు! అంత కొద్దిమంది ఉన్న అంత పెద్ద దేశంలో రోడ్లెవరు వేస్తారు? వాళ్ళు వెళ్ళిన కాలంలో పడమటి మంగోలియాలో దారి అంటే పచ్చిక మీద బండ్ల జాడలే. ఒక జాడ బురదైతే పక్కన ఇంకో జాడ పడుతుంది. అది కూడా పాడైతే మరొకటి. వాగుల మీద వంతెనలుండవు. వాన పడిందా, నేల పాయసమే.

ఆ పాయసంలో పది బియ్యం బస్తాలను నడిపించాలి. బండి పడుతుంది, లేపాలి. పది గజాలు పోతుంది, మళ్ళీ పడుతుంది. పడిన బండిని లేపేటప్పుడు మొత్తం బరువు మన చేతుల మీద పడదు, చక్రాలు నేలకు ఆని కొంత మోస్తాయి. అయినా రోజుకు ఎన్నోసార్లు ఆ పని చేస్తే మనిషి ఏమవుతాడో ఊహించుకోండి. ఒక దశలో వాళ్ళకు విసుగొచ్చి, ఈ దేశం వదిలేసి రష్యా వైపు మళ్ళిపోదామా అని కూడా తర్జనభర్జన పడ్డారు. ఆఖరికి మళ్ళలేదు.

ఆ కుదుపుల్లో క్లాడియో బండికి చట్రం విరిగింది.

ఉక్కు చట్రం ఎందుకు విరుగుతుంది? ఈ సంగతి కొంచెం నిదానంగా చూతాం. కాగితాలకు పెట్టే ఒక క్లిప్పు తీసుకుని నిటారుగా చాపండి. దాన్ని గుంజి తెంపగలరేమో ప్రయత్నించండి. మీవల్ల కాదు, మీ నాన్నగారివల్ల కూడా కాదు. ఇప్పుడు దాన్ని ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పొండి. వంచినన్ని సార్లు లెక్కపెట్టండి. కాసేపటికే పుటుక్కుమంటుంది. విరిగిన మొనను వెంటనే పెదవికి ఆనిస్తే వెచ్చగా కూడా ఉంటుంది (గుచ్చుకోకుండా సుమా!). ఒక్కసారిగా లాగితే తెగని లోహం, చిన్న చిన్న వంపులు పదే పదే వస్తే తెగిపోతుంది. లోహం కూడా అలిసిపోతుందన్నమాట. ఇంజనీర్లు దీన్ని లోహపు అలసట అనే అంటారు.

ఇది మనుషులకు మంచి ధర కట్టించి నేర్పిన పాఠం. 1842లో ఫ్రాన్సులో, పారిస్ దగ్గర, ఒక రైలింజను ఇరుసు ఉన్నట్టుండి విరిగింది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, నిప్పంటుకుని, ఎంతోమంది చనిపోయారు. ఇరుసు చూస్తే బాగానే ఉంది, మోస్తున్న బరువూ మించలేదు, మరి ఎందుకు విరిగినట్టు? జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850ల్లో, 60ల్లో ఈ ప్రశ్న పట్టుకుని కూచున్నాడు. ఇరుసులను యంత్రాలకు బిగించి లక్షల సార్లు తిప్పి చూశాడు. బరువు ఎంత అనేది ఒక్కటే చాలదు, అది ఎన్నిసార్లు పడిందో కూడా లెక్కపెట్టాలని తేల్చాడు. ఈనాడు వంతెన కట్టేవాళ్ళూ, విమానం రెక్క చేసేవాళ్ళూ అందరూ ఆ లెక్క వేస్తారు.

ఇప్పుడు మంగోలియా గుంటలు తలుచుకోండి. చక్రం గుంటలో పడినప్పుడల్లా వెనక కట్టిన పెట్టెల బరువు చట్రాన్ని ఒకసారి వంచుతుంది. ఆ వంపు కంటికి ఆనదు. రోజుకు అలాంటివి వేలు. పైగా సామాను వెనక చక్రం మీదా, దానికి ఇంకా వెనకా వేలాడుతుంటుంది గనక, గునపంతో బండరాయిని ఎత్తేటప్పుడు చిన్న బలమే పెద్దదైనట్టు, ఆ బరువు కూడా అతుకుల దగ్గర పెద్దదవుతుంది. నేననుకోవడం, అక్కడ తప్పు బండిది కన్నా పెట్టెలది ఎక్కువ. దూరప్రయాణం అనగానే ఇంట్లో ఉన్న వస్తువులన్నీ అవసరమే అనిపిస్తాయి. మీ అమ్మగారు తిరపతి ప్రయాణానికి సామాను సర్దడం చూశారు కదూ!

చట్రం విరిగితే అతుకు వెయ్యవచ్చు. ఉక్కు కనక ఏ పల్లెలో కమ్మరైనా వెల్డింగు చెయ్యగలడు. అయితే కొత్తకాలపు బండ్లలో దీనికో చిక్కుంది. వెల్డింగు అంటే పెద్ద విద్యుత్ ప్రవాహంతో లోహాన్ని కరిగించడం. బండిలో పెట్రోలును కొలిచి చిమ్మేందుకూ, బ్రేకు వేస్తే చక్రం జారకుండా చూసేందుకూ సున్నితమైన ఎలెక్ట్రానిక్ పెట్టెలు ఉంటాయి. జాగ్రత్త పడకుండా అంటిస్తే ఆ ప్రవాహం వాటిలోకి జొరబడి వాటిని చంపేస్తుంది. అందుకని వెల్డింగుకు ముందు బాటరీ తీగలు విప్పాలి. ఇనుముకు మందు వేస్తే మెదడుకు విషమైనట్టు ఉంటుంది లేకపోతే.

క్లాడియో బండిని బాగుచెయ్యడానికి రాజధాని ఉలాన్‌బాతర్‌కు పంపించారు. మరి క్లాడియో? నడిచి వెళ్ళలేడు. మిగిలిన ఇద్దరి వెనకా కూచుందామంటే ఆ బండ్ల మీద ఆకు పెట్టే చోటు కూడా లేదు. పైగా కెమెరా ఆయన చేతిలో ఉంది. ఆయన ఆగితే సినిమా ఆగినట్టే.

అప్పుడు వాళ్ళు అక్కడే ఒక రష్యన్ బండి కొన్నారు. పేరు ఇజ్ ప్లానెటా 5. రంగు ఎరుపు. దానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు రెడ్ డెవిల్, అంటే ఎర్ర భూతం!

ఈ భూతం గురించి చెప్పుకోవాలి. రష్యాలో ఇజెవ్‌స్క్ అనే ఊళ్ళో తయారైంది. ఒకటే సిలిండరు, 346 సి.సి. బరువు దాదాపు 160 కిలోలు. అంటే ఆరు బస్తాల పైన కొంచెం. కిక్కు కొట్టి స్టార్టు చెయ్యాలి. కంప్యూటరు లేదు, ఉక్కు ఇరుసు లేదు, చైనే. ఆ రోజుల్లో మంగోలియాలో గొర్రెలు కాచుకునేవాళ్ళు గుర్రాల పక్కనే ఈ జాతి బండ్లు కట్టేసుకునేవాళ్ళు. అందుచేత దాని విడిభాగాలు ఎక్కడైనా దొరికేవి, దాని రోగాలు పిల్లవాడి దగ్గర నుంచి తాత దాకా అందరికీ తెలిసేవి. ఇదీ అసలు బలం. అంత పెద్ద జర్మన్ బండి నడిమైదానంలో మొరాయిస్తే, గుడారాల్లోంచి వచ్చి చుట్టూ చేరినవాళ్ళు "అబ్బా, ఎంత బాగుంది!" అని చూడటం తప్ప ఏం చెయ్యగలరు? ప్లానెటా మొరాయిస్తే పానా పట్టుకుని వచ్చేవాళ్ళు.

దీనిది టూ-స్ట్రోకు ఇంజను. అదేమిటో మీ తాతగారిని అడగండి, రాజ్‌దూత్ అనో, జావా అనో, ఎజ్డీ అనో ఒక పేరు చెప్పి ఆయన ముఖం వికసిస్తుంది. మైసూరులో 1961 నుంచి 1996 దాకా జావా, ఎజ్డీ బండ్లు తయారయ్యాయి. అవీ ఈ ప్లానెటాకు దూరపు చుట్టాల్లాంటివే.

ఇంజను పనిలో నాలుగు అంకాలున్నాయి. పెట్రోలు కలిసిన గాలిని పీల్చడం, నొక్కడం, పేల్చడం, పొగ వదలడం. ఈనాటి బండ్లలో పిస్టన్ రెండుసార్లు కిందికీ రెండుసార్లు పైకీ ప్రయాణం చేస్తే ఈ నాలుగూ పూర్తవుతాయి. అందుకు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే తలుపులు, అంటే వాల్వులు, కావాలి. టూ-స్ట్రోకు ఇంజనులో పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చేలోగా అంతా అయిపోతుంది. వేరే తలుపులుండవు, సిలిండరు గోడలకు కన్నాలు ఉంటాయి, పిస్టనే పైకీ కిందికీ పోతూ వాటిని మూసి తెరుస్తుంది. భాగాలు తక్కువ, పాడయ్యేవి తక్కువ, విప్పడం తేలిక. ప్రతి చుట్టుకూ ఒక పేలుడు గనక చిన్న ఇంజనైనా ఉత్సాహంగా లాగుతుంది.

మరి ఇంత మంచిదైతే ఇప్పుడెందుకు కనబడదు? గాలి ఇంజను అడుగు గది లోంచే పోతుంది గనక, అక్కడ నూనె విడిగా నిలవదు. పెట్రోలులోనే నూనె కలిపి పొయ్యాలి. ఆ నూనె కూడా మండి నీలం పొగగా బయటికొస్తుంది. కాలని పెట్రోలు కొంత పొగతోబాటే జారిపోతుంది. మన ఊపిరితిత్తులకు అది మంచిది కాదని చాలా దేశాలు కట్టుబాట్లు పెట్టాయి, దాంతో రోడ్డు మీది టూ-స్ట్రోకు బండ్లు మాయమవుతూ వచ్చాయి. నాకు చూడబోతే అది న్యాయమే. దాని టపటప శబ్దం ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

ఇంకో తమాషా. రష్యన్ బండి జర్మన్ బండిని ఆదుకుందని అనుకుంటున్నాం కదూ? ఇజెవ్‌స్క్‌లో 1946లో తయారు చెయ్యడం మొదలుపెట్టిన ఇజ్ 350 అనే బండి, జర్మనీలో అంతకుముందు డి.కె.డబ్ల్యు. అనే కంపెనీ చేసిన బండికి అచ్చు నకలు. యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి నష్టపరిహారంగా యంత్రాలు రష్యాకు తరలించారు. ఆ 350 వంశంలో పుట్టిందే ప్లానెటా. అంటే ఆ మైదానంలో ఒక జర్మన్ మనవడూ, రష్యాలో పెరిగిన ఇంకో జర్మన్ మనవడూ కలుసుకున్నారన్నమాట!

బరువు తగ్గడంతో క్లాడియోకు బురదలో పని తేలికైంది. కూరుకున్నా కాళ్ళు రెండు పక్కలా నేలకు ఆనించి తోసుకుంటూ పోవచ్చు. పడితే ఒక్కడే లేపుకోవచ్చు. అందరికన్నా అనుభవం తక్కువ ఉన్నవాడి కింద అందరికన్నా తేలిక బండి ఉంది. మొదటినుంచీ అలా ఉండవలసింది అని నాకనిపిస్తుంది. అలాగని ఎర్ర భూతమే మేలని లండనులోనే దాన్ని కొనుక్కుని బయలుదేరి ఉంటే? యూరపులో వేగమైన రోడ్ల మీద లారీలు కొట్టే హారన్లకు భయపడుతూ పక్కన పక్కన పోవలసి వచ్చేది. ఈ జాతి బండ్లు మొరాయించడంలోనూ పేరుపడ్డవే. జర్మనీలో మొరాయిస్తే దాని రోగం తెలిసిన వైద్యుడెవడు?

పెద్దలకు ఒక మాట. పరదేశంలో బండి మార్చడం కథలో చెప్పినంత సులువు కాదు. బయటి నుంచి తెచ్చిన బండిని చాలా దేశాలు "తిరిగి తీసుకుపోతావు" అనే షరతు మీద లోపలికి రానిస్తాయి. తీసుకుపోకపోతే సుంకం కట్టాలి. అందువల్ల చట్రం విరిగింది కదా అని బండిని దారి పక్కన పారేసి పోవడానికి వీల్లేదు. అలాగే అక్కడ కొన్న బండిని కాగితాలు లేకుండా సరిహద్దు దాటించడానికీ వీల్లేదు. చచ్చిన గుర్రాన్ని కూడా మోసుకునే పోవాలి!

ఉలాన్‌బాతర్‌లో క్లాడియో తన పాత బండి మళ్ళీ ఎక్కాడు. ఆ ఊళ్ళో వాళ్ళు ఇంకొకటి చూశారు. అక్కడ చలికాలంలో పాదరసం సున్నాకు ముప్ఫై డిగ్రీల కిందికి పోతుంది. ఇళ్ళు వెచ్చగా ఉంచడానికి వీధుల కింద వేడినీళ్ళ గొట్టాలు వేశారు. ఇల్లూ వాకిలీ లేని పిల్లలు ఆ గొట్టాల వెచ్చదనం కోసం మురుగు గోతుల మూతలు తీసి లోపల నిద్రపోయేవాళ్ళు. మీ ఈడు పిల్లలు. యునిసెఫ్ వాళ్ళ వెంట వెళ్ళి ముగ్గురూ ఆ పిల్లలను కలుసుకున్నారు. ఫిల్ములో ఆ భాగం చూసినప్పుడు చట్రాల గొడవ గుర్తుండదు.

అక్కడి నుంచి మళ్ళీ రష్యా. యాకూత్‌స్క్ నుంచి మగదాన్‌కు పోయే దారిని ఎముకల దారి అంటారు. స్టాలిన్ కాలంలో ఖైదీల చేత వేయించారు, వేస్తూ చనిపోయినవాళ్ళు అసంఖ్యాకం. అక్కడి ఏళ్ళు పొంగి ఉంటే బండ్లను పెద్ద లారీలకెక్కించి దాటించారు. మగదాన్ నుంచి విమానంలో అలాస్కా, అక్కడి నుంచి కెనడా మీదుగా 2004 జులై 29న న్యూయార్కు. మొత్తం సుమారు 30,000 కిలోమీటర్లు.

ఈవన్, చార్లీ తరవాత కూడా ఊరుకోలేదు. 2007లో స్కాట్లండు నుంచి దక్షిణాఫ్రికా దాకా అలాంటి పెద్ద బి.ఎం.డబ్ల్యు.ల మీదే పోయారు. 2019లో దక్షిణ అమెరికా కొన నుంచి లాస్ ఏంజలిస్‌కు విద్యుత్తు బండ్ల మీద పోయారు, పెట్రోలుకు బదులు కరెంటు ప్లగ్గు కోసం వెతుక్కుంటూ. 2025లో వచ్చిన యాత్రలో మాత్రం కంప్యూటరు లేని పాత బండ్లు, 1970ల నాటివి, బాగుచేయించుకుని యూరపు తిరిగారు.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న బండి దగ్గర కూచుని చూడండి. కిక్కు ఉందా, ఒట్టి మీటేనా? చైను ఉందా, బెల్టు ఉందా? వెనక పెట్టె తగిలించే కమ్మీ చట్రానికి ఎక్కడ అతుక్కుందో వెతకండి, అక్కడ పెయింటు బీటలిచ్చిందేమో చూడండి. బీట కనిపిస్తే నాన్నగారితో చెప్పండి. బండి అప్పుడే వచ్చి ఆగి ఉంటే సైలెన్సరు ముట్టుకోకండి, కాలుతుంది.